హృదయలయ చరిత్రము



మన పల్లెలలో నెవరైన నిలుచున్నచోటనే కూలబడి, కన్నులు తేలవైచి, కాలుసేతులు కొట్టుకొన్నచో, చుట్టునున్నవారు మొట్టమొదట వెదకునది యినుపవస్తువు. తాళపుచెవుల గుత్తియో, కొడవలియో తెచ్చి, పడినవాని పిడికిటిలో నుంచుదురు. నేనును ఒకనాడు అట్లుంచినవాడనే. ఆ చేయి మా మేనత్తది. హృదయములోని లయను మానవుడు ఎట్లు తెలిసికొనెనో నేడు మీకు చెప్పదలచితిని. ఆ చరిత్రమును నేను వెదకుకొనుటకు కారణము ఆ తాళపుచెవుల గుత్తియే కాబట్టి, అచ్చటనే ప్రారంభించెదను.

అది 1978వ సంవత్సరపు వేసవి. నాకప్పుడు పదునెనిమిదేండ్లు. మా నాయనగారు సంస్కృత పండితులు. వైద్యము వారికి వృత్తి కాకపోయినను, ఆయుర్వేద గ్రంథములను గురుముఖమున చదివినవారగుటచే, ఊరివారు నాడి చూపించుకొనుటకు మా యరుగుమీదికి వచ్చుచుండెడివారు. మా మేనత్తకు అరువది యేండ్లు దాటినవి. ఆ వేసవిలో ఆమె మూడుసారులు పడిపోయెను. పడినప్పుడు ముఖము తెల్లబాఱును, కొంచెముసేపు చేతులు కొట్టుకొనును, పిమ్మట ముఖము జేవురించి, లేచి కూర్చుండి, “నాకేమైనదిరా?” యని యడుగును. ఊరివారు మూర్ఛరోగమనిరి. పట్టణములో చూపించిన వైద్యుడును అదేయని మందు వ్రాసియిచ్చెను.

మా నాయనగారు మాత్రము ఆమె మణికట్టుపై మూడు వ్రేళ్ళుంచి, చాలసేపు మౌనముగా నుండి, నన్ను పిలిచి, గోడగడియారమును చూచి లెక్కింపుమనిరి. నిమిషమునకు ముప్పది. మరల లెక్కించితిని, ముప్పదిరెండు. “ఇది తలలోని వ్యాధివలె తోచదురా” అని మాత్రము వారనిరి. ఏమి చేయవలెనో వారికి తెలియలేదు. నాల్గవసారి ఆమె పడిన దినమున వారు పొరుగూరికి పోయియుండిరి. తాళపుచెవులను ఆమె చేతిలో నుంచినవాడను నేనే. ఆమె మరల లేవలేదు.

ఆ ముప్పది యను సంఖ్య నన్ను విడువలేదు. ఉపాధ్యాయవృత్తిలో ప్రవేశించిన పిమ్మట గ్రంథాలయములలో వెదకియు, తెలిసిన వైద్యుల నడిగియు దాని యర్థమును కొంచెము కొంచెముగా గ్రహించితిని. నేను గ్రహించిన దానినే మీకు విన్నవించుచున్నాను.

నాడీపరీక్ష మన వైద్యమునకు పుట్టుకతో వచ్చినదని చాలమంది తలంచుచుందురు. కాని చరకసంహితలోను, సుశ్రుతసంహితలోను నేడు మనమెఱిగిన నాడీపరీక్ష కానరాదు. పదుమూడు పదునాల్గవ శతాబ్దుల నాటిదని చెప్పబడు శార్ఙ్గధరసంహితలో నది స్పష్టముగా గానవచ్చుచున్నది. వాతము ప్రకోపించినప్పుడు నాడి పామువలెను జలగవలెను నడచుననియు, పిత్తము ప్రకోపించినప్పుడు కాకివలెను కప్పవలెను గంతులువేయుననియు, కఫము ప్రకోపించినప్పుడు హంసవలెను పావురమువలెను మెల్లగా సాగుననియు ఆ గ్రంథము చెప్పుచున్నది. ఆగి యాగి నడచు నాడి ప్రాణమును హరించుననియు నందే కలదు. మన తెలుగు వైద్యులు మిక్కిలి యాదరించిన బసవరాజీయములోను నాడీలక్షణములకు గొప్పస్థానము కలదు. చైనాదేశమున మూడవ శతాబ్దిలోనే వాంగ్ షుహె యను వైద్యుడు నాడిని గూర్చి ప్రత్యేక గ్రంథమును రచించెను. గ్రీకు వైద్యుడైన గాలెను రెండవ శతాబ్దిలోనే నాడిని గూర్చి అనేక గ్రంథములు వ్రాసెను.

వీరందఱును వ్రేళ్ళతో నాడియొక్క నడకను గుర్తించిరి. కాని దానిని సంఖ్యతో కొలుచుట చాలకాలమునకు వచ్చినది. ఇంగ్లాండు వైద్యుడగు జాన్ ఫ్లాయరు సరిగా ఒక నిమిషము నడచు గడియారమును చేయించి, 1707లో దానిని గూర్చి గ్రంథము ప్రకటించెను. మా యింటి గోడగడియారము ముందు నేను నిలిచి లెక్కించిన లెక్కకు మూలపురుషుడు ఆయనయే యని చెప్పవచ్చును.

ఇక హృదయమును కొట్టించునది యెవరు? మెదడా, నరములా, లేక హృదయమే స్వయముగా కొట్టుకొనునా? జంతువు ఱొమ్మునుండి వెలికితీసిన పిమ్మటను హృదయము కొంతసేపు కొట్టుకొనుట గాలెను చూచి, దానికి నరముల యాజ్ఞ అవసరములేదని గ్రహించెను. 1628లో రక్తప్రసరణమును లోకమునకు తెల్పిన విలియం హార్వీ, మరణించుచున్న జంతువుల హృదయమును పరిశీలించి, దానిలో నన్నిటికంటె తుదకు ఆగునది కుడికర్ణిక యని వ్రాసెను. ఆ మూలనే ఏదో రహస్యమున్నదని ఆనాడే సూచన దొరకినది. కాని దానిని విప్పుటకు దాదాపు 280 ఏండ్లు పట్టినవి.

ఆ శోధనలో ఒక్కొక్కరు ఒక్కొక్క ముక్కను కనుగొనిరి. 1839లో పర్కింజే యను చెక్ పండితుడు గొఱ్ఱె హృదయపు లోపొరలో బూడిదరంగు తంతువుల వలను చూచెను. అవి యెందుకున్నవో ఆయనకు తెలియలేదు. 1880 తరువాతి యేండ్లలో కేంబ్రిడ్జిలో గాస్కెల్ అను శాస్త్రజ్ఞుడు తాబేలు హృదయమును తీసికొని, పైగదులగు కర్ణికలకును క్రిందిగదియగు జఠరికకును నడుమనున్న కండను కొంచెము కొంచెముగా కోసెను. మొదట కర్ణిక రెండుసారులు కొట్టిన జఠరిక ఒకసారి కొట్టెను; మఱికొంత కోయగా మూడింటికొకటి; పూర్తిగా కోయగా రెండును దేనిదారి దానిదై వేర్వేరుగా కొట్టుకొనెను. పైనుండి క్రిందికి ఏదో వార్త పోవుచున్నదనియు, త్రోవ తెగినచో వార్త తెగుననియు దీనివలన తేలెను.

మనుష్యునివంటి క్షీరదముల హృదయములో ఆ త్రోవను 1893లో విల్‌హెల్మ్ హిస్ అను యువవైద్యుడు కనుగొనెను. అదియే హిస్ కట్ట. 1906లో జపానునుండి జర్మనీలోని మార్‌బుర్గు నగరమునకు చదువునకై వచ్చిన సునావొ తవార, వేలకొలది సన్నని ముక్కలను సూక్ష్మదర్శినిక్రింద పరిశీలించి, హిస్ కట్ట పైకొనయందు ఒక కణుపున్నదనియు, క్రిందికొన రెండు శాఖలై చీలి, పర్కింజే చూచిన తంతువులలో కలియుననియు నిరూపించెను. అరువదేడేండ్ల క్రిందట కనుగొనిన వలకు అప్పుడు గాని అర్థము దొరకలేదు.

అదే సంవత్సరపు వేసవిలో ఇంగ్లాండున బ్రెడ్గరు అను చిన్న పల్లెలో మిగిలిన ముక్క దొరకెను. ఆర్థర్ కీత్ అను శరీరనిర్మాణ శాస్త్రజ్ఞుడు సెలవులకు అచ్చట నివసించుచుండెను. ఆయనయొద్ద మార్టిన్ ఫ్లాక్ అను వైద్యవిద్యార్థి పనిచేయుచుండెను. ఒకదినము కీత్ భార్యతోకూడ సైకిలుపై షికారుపోయి వచ్చుసరికి, ఆ విద్యార్థి చుంచువలె నేలను త్రవ్వుకొని బ్రతుకు ఒక చిన్న జంతువు హృదయమునందు, కుడికర్ణికలో మహాసిర చేరుచోట, వింతయైన కణసముదాయమును చూపించెను. హార్వీ చెప్పిన మూల అదియే! 1907లో వారు దీనిని ప్రకటించిరి. గురువు షికారులో నుండగా శిష్యుడు చూచెను. గురువు దానిని తనదనక యిద్దఱి పేరిటను ప్రకటించెను. ఉపాధ్యాయుడనగుటచే నాకు ఈ ఘట్టము మిక్కిలి ప్రీతికరము.

ఇప్పుడు ఈ ముక్కలనన్నిటిని కూర్చి చూతము. కుడికర్ణిక పైభాగముననున్న ఆ మొదటి కణసముదాయమునకు సిరాకర్ణికా కణుపని పేరు. భజనలో ముందుపాడువానివంటిది అది. విశ్రాంతిగా నున్నప్పుడు నిమిషమునకు 60 మొదలు 100 వఱకు అది విద్యుత్ప్రేరణలను పుట్టించును. నిమిషమునకు 72 చొప్పున లెక్కించినచో దినమునకు లక్షకు మించును. ఆ ప్రేరణ కర్ణికలలో వ్యాపింపగా అవి ముడుచుకొని రక్తమును క్రిందికి త్రోయును. పిమ్మట ప్రేరణ తవార కనుగొనిన కర్ణికాజఠరికా కణుపును చేరును. ఇది చెఱువు తూమువంటిది. ఇచ్చట ప్రేరణ సెకనులో పదియవవంతు నిలుచును. ఆ నిలుపు లేనిచో జఠరికలు నిండకముందే ముడుచుకొనును. తూమునుండి పెద్దకాలువవలె హిస్ కట్ట, దానినుండి రెండు శాఖలు, తుదకు పంటబోదెలవలె పర్కింజే తంతువులు ప్రేరణను జఠరికల మూలమూలలకు పారించును. అప్పుడు జఠరికలు ఒక్కుమ్మడి ముడుచుకొనును. అదియే మన మణికట్టున తగులు నాడి.

ఈ విద్యుత్తు మన యిండ్లలోని తీగెలలో పారునట్టిది కాదు. రక్తములోని సోడియము, పొటాసియము, కాల్షియము అను లవణధాతువులు విద్యుదావేశముతో జీవకణములలోనికిని వెలికిని పోవుచు వచ్చుచుండుటచే నిది పుట్టుచున్నది. ఇందును ఒక కథ కలదు. లండనులో సిడ్నీ రింగర్ అను వైద్యుడు కప్ప హృదయమును ఉప్పునీటిలో నుంచి పరీక్షించుచు, అది చక్కగా కొట్టుకొనుచున్నదని 1882లో ప్రకటించెను. తీరా చూడగా, ఆ నీరు శుద్ధిచేసిన నీరు కాక కుళాయినీరని తెలిసెను. శుద్ధజలముతో చేసిన ఉప్పునీటిలో హృదయము త్వరలో ఆగిపోయెను. కుళాయినీటిలోని సున్నపుధాతువే దానిని నడిపించెనని 1883లో ఆయన తన తప్పును తానే దిద్దుకొనెను. నేడు మన యాసుపత్రులలో నెక్కించు సెలైను సీసాలు కొన్నిటిపై రింగర్ పేరుండుటకు కారణమిదే.

కంటికి కానరాని యీ విద్యుత్తును కాగితముపై వ్రాయించుట మఱియొక ఘనకార్యము. కప్ప హృదయపు ప్రతి స్పందనముతోను విద్యుత్తు పుట్టుచున్నదని ఇటలీదేశస్థుడగు మత్తెయుచ్చి 1842 ప్రాంతమున చూపెను. 1887లో లండనున ఆగస్టస్ వాలరు, మనుష్యుని ఱొమ్ము కోయకయే, చర్మముపైనుండి దానిని గుర్తించెను. ఆయన తన పెంపుడుకుక్క జిమ్మీ పాదములను ఉప్పునీటిలో నుంచి 1909లో ఈ ప్రయోగమును సభలో ప్రదర్శింపగా, ఇది జీవహింస యని బ్రిటిషు పార్లమెంటులో ప్రశ్న వేసిరి. కుక్కకు ఉప్పునీటిలో నిలుచుటకంటె వేఱుబాధ లేదని ప్రభుత్వము సమాధానము చెప్పవలసివచ్చెను. విచిత్రమేమనగా, ఈ విద్య ఆసుపత్రులలో అంతగా ఉపయోగపడునని వాలరే తలంపలేదు.

అట్లు తలంచినవాడు హాలండులోని లైడెన్ నగర నివాసియగు ఐంథోవెన్. ఆయన అయస్కాంతమునడుమ వెండిపూసిన అతిసూక్ష్మమైన స్ఫటికతంతువును కట్టి, దాని కదలికను ఛాయాచిత్రముగా తీసెను. ఆ యంత్రము బరువు సుమారు 270 కిలోలు. నడుపుటకు అయిదుగురు కావలెను. రోగిని దానియొద్దకు తెచ్చుట కష్టమగుటచే, 1905లో కిలోమీటరున్నర దూరముననున్న ఆసుపత్రినుండి టెలిఫోను తీగెద్వారా హృదయరేఖను తెప్పించెను. 1924లో ఆయనకు నోబెలు బహుమానము లభించెను. నేడు ఇ.సి.జి. యని మీరందఱును ఎఱిగిన కాగితము ఆయన ప్రసాదమే.

ఇక లయ తప్పుటను గూర్చి. మొదట మీకు అభయమిచ్చెదను: నాడి తప్పిన ప్రతిసారియు ప్రాణాపాయము కాదు. పిల్లలలోను యువకులలోను ఊపిరి పీల్చునప్పుడు నాడి వేగమగుటయు, విడచునప్పుడు మందగించుటయు స్వభావమే. ఒక్కొక్కప్పుడు అకాలముగా ఒక స్పందనము ముందుకు దూకి, ఆ వెనుక చిన్న విరామము వచ్చును. గుండె యొకసారి జాఱినట్లు తోచును. ఆరోగ్యవంతమైన హృదయములో నిది సాధారణముగా హానిచేయదు. దీనిని స్పష్టముగా చెప్పినవాడు జేమ్స్ మెకంజీ. ఆయన బర్న్‌లీ యను మిల్లులయూరిలో కూలివారికి మందిచ్చు సామాన్యవైద్యుడు. మణికట్టు నాడిని, మెడసిర కదలికను ఒకే కాగితముపై వ్రాయు పరికరమును చేయించుకొని, ఒకే రోగిని ఏండ్లతరబడి కనిపెట్టి, ఏ లయదోషము చంపునో, ఏది చంపదో వేఱుచేసి 1902లో గ్రంథము ప్రకటించెను.

ఆయన రోగులలో ఒక స్త్రీ నాడి 1898లో హఠాత్తుగా క్రమము తప్పెను. మెడసిరలో కర్ణిక కొట్టు అల మాయమయ్యెను. కర్ణిక చచ్చుబడినదని మెకంజీ తలంచెను. 1909లో థామస్ లూయిస్, ఐంథోవెన్ యంత్రముతో చూచి, కర్ణిక చచ్చుబడలేదనియు, అంతులేని వేగముతో వణకుచున్నదనియు నిరూపించెను. భజనలో ప్రతివాడును తన తాళము తాను వాయించినట్లు! ఇదియే కర్ణికాకంపనము. వార్ధక్యమున తఱచుగా వచ్చునది. కర్ణికలో రక్తము నిలిచి గడ్డకట్టి, ఆ గడ్డ మెదడుకు పోయినచో పక్షవాతము వచ్చును. ఇట్టివారికి ఆ యపాయము సుమారు అయిదు రెట్లు. కావున క్రమమే లేని నాడి పెద్దవారిలో కనబడినచో ఇ.సి.జి. తీయింపవలెను. గడ్డకట్టకుండ మందులున్నవి.

అన్నిటికంటె ఘోరమైనది జఠరికాకంపనము. జఠరికలే వణకినచో రక్తము కదలదు, నాడి యుండదు, మనుష్యుడు క్షణములలో తెలివితప్పును. 1947లో క్లీవ్‌లండులో క్లాడ్ బెక్ అను శస్త్రవైద్యుడు శస్త్రచికిత్సలో ఇట్లు గుండె యాగిన పదునాలుగేండ్ల బాలుని హృదయమునకు విద్యుద్ఘాతమిచ్చి బ్రతికించెను. 1960లో బాల్టిమోరు వైద్యులు, ఱొమ్ము తెఱవకయే, రెండుచేతులతో నడిఱొమ్మును అదిమి రక్తమును నడిపింపవచ్చునని ప్రకటించిరి. ఇది ఎవరైన నేర్చుకొనదగిన విద్య.

ఇక మా మేనత్త వ్యాధి. 1761లో పాదువా నగర పండితుడగు మోర్గాగ్ని, మందమైన నాడితో పడిపోవుచుండిన రోగిని వర్ణించి, దానిని అపస్మారముగానే పేర్కొనెను. 1827లో డబ్లిను నగరమున రాబర్ట్ ఆడమ్స్, పలుమాఱులు పడిపోయిన అరువదియెనిమిదేండ్ల యుద్యోగిని గూర్చి వ్రాయుచు, దోషము మెదడులో లేదు, హృదయములో నున్నదనెను. ఆ రోగి నాడి నిమిషమునకు ముప్పది! 1846లో విలియం స్టోక్స్ దానిని బలపఱచెను. తూముయొద్దనో పెద్దకాలువయందో త్రోవ తెగినచో పైనుండి వార్త రాదు. అప్పుడు జఠరికలు తమంతట తాము నిమిషమునకు 20 మొదలు 40 వఱకు కొట్టుకొనుచు ప్రాణమును నిలుపును. ఆ కొట్టుటయు కొన్ని క్షణములు ఆగినచో మెదడుకు రక్తము చాలక మనుష్యుడు పడును, చేతులు కొట్టుకొనును. హృదయము మరల కొట్టినంతనే ముఖము జేవురించును. నేను గోడగడియారము ముందు లెక్కించిన ముప్పదియు, ఆమె ముఖము జేవురించుటయు ఇదే చెప్పినవి. చదువ నేర్చినవారు మా యింట లేకపోయిరి.

మన శాస్త్రమేమో మూర్ఛ వేఱు, అపస్మారము వేఱని చెప్పినది. మాధవనిదానములో ఆ రెంటికి వేర్వేరు అధ్యాయములున్నవి. మూర్ఛ యనగా తెలివితప్పుట. చేతులు కొట్టుకొని నురుగు గ్రక్కు వ్యాధి అపస్మారము. మన వాడుకభాషయే ఆ రెంటిని ఒకే పేరున ముడివైచినది. ఆ ముడి మా మేనత్త ప్రాణమును తీసినదని నా విశ్వాసము.

ఇంతకంటె బాధకరమైన సంగతి యొకటి కలదు. ఆమె మరణించుటకు ఇరువదియేండ్లకు పూర్వమే దీనికి చికిత్స పుట్టియున్నది. స్వీడనుదేశమున ఆర్నె లార్సన్ అను నలువదిమూడేండ్ల వానికి ఇదే వ్యాధి. దినమునకు ఇరువది ముప్పది సారులు పడుచుండెను. ఆయన భార్య, శస్త్రవైద్యుడగు సెన్నింగును, యంత్రనిపుణుడగు ఎల్మ్‌క్విస్టును విడువక ప్రార్థింపగా, ఎల్మ్‌క్విస్టు బూటుపాలిషు డబ్బాను అచ్చుగా నుపయోగించి చిన్న విద్యుద్యంత్రమును పోతపోసెను. 1958 అక్టోబరు 8వ తేదీన దానిని ఆయన శరీరములో నమర్చిరి. మొదటిది కొన్ని గంటలే పనిచేసెను. అయినను ప్రయత్నము మానలేదు. లార్సన్ ఇరువదికిపైగా యంత్రములు మార్చుకొని, తన్ను రక్షించిన ఆ యిద్దఱికంటెను ఎక్కువకాలము జీవించి, ఎనుబదియాఱవ యేట 2001లో వేఱొక వ్యాధిచే మరణించెను. నేడు పేస్‌మేకరని పిలుచు ఆ యంత్రము అగ్గిపెట్టెకంటె పలుచనై, భుజముక్రింద చర్మములో నిముడుచున్నది.

ఒక సాధ్వి పట్టుదల అచ్చట భర్తను బ్రతికించెను. ఇచ్చట మేము తాళపుచెవులు వెదకుచుంటిమి. ఎవరిని నిందింపగలను? ఆ పట్టణపు వైద్యుడు నాడి లెక్కింపలేదు. లెక్కించిన మా నాయనగారికి త్రోవ తెలియదు. లెక్కయు విన్న నేను, ఊరివారి మాటకు లోబడితిని.

కావున, పెద్దలారా, మీ గ్రామములలో ఎవరైన పడినచో ఇనుము వెదకకుడు. పిలిచిన పలుకక, ఊపిరి సరిగా లేనిచో ఆలస్యము చేయక 108కి కబురుచేసి, నడిఱొమ్మును నిమిషమునకు 100 మొదలు 120 సారులు గట్టిగా అదుముడు. ఊపిరి యాడుచున్నచో ఒకప్రక్కకు ఒత్తిగిలజేసి, నోటిలో నేమియు పెట్టక, మణికట్టుపై వ్రేళ్ళుంచి గడియారము చూచి లెక్కింపుడు. తెలివి వచ్చిన పిమ్మట మరల లెక్కింపుడు. ఆ సంఖ్యను కాగితముపై వ్రాసి వైద్యునికి చూపుడు. నలువదికి తక్కువయైనచో, ఇది మూర్ఛరోగమే యని ఎవరన్నను వినక, ఆ దినముననే ఇ.సి.జి. తీయింపుడు. అపస్మారమే యైనను దానికిని నేడు మంచి మందులున్నవి. దానికిని తాళపుచెవులతో పనిలేదు.

మా నాయనగారి గోడగడియారము ఇప్పటికిని మా యింట నడచుచున్నది. దానిక్రింద కూర్చుండి మా మనుమలకు నాడిని లెక్కించుట నేర్పుచున్నాను. మీరును నేర్పుదురుగాక.

సెలవు.